ప్రాక్సీ సర్వరు: మన గుట్టు ఎవరి చేతిలో?

2023లో ఒక శుక్రవారం పొద్దున్నే, ఇక్కడ న్యూజెర్సీలో నేను కాఫీ కలుపుకుంటుంటే, దుబాయి నుంచి మా బావమరిది మెసేజి వచ్చింది. అతను అక్కడ ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు వారాలు. భార్య, ఎనిమిది నెలల పాప రాజమండ్రిలో ఉన్నారు.

"బావా, ఇక్కడ వాట్సాప్‌లో రాతలు వెళ్తున్నాయి గాని వీడియో కాల్ కలవడం లేదు. పాప పాకుతోందట, చూడాలని ఉంది. మంచి ప్రాక్సీ ఒకటి చెప్పు. ఫ్రీ అయితే మరీ మంచిది."

నెట్‌వర్కుల మధ్యే బతికేవాణ్ణి కనక ఆ ప్రశ్నకి రెండు నిమిషాల్లో ఏదో ఒక జవాబు చెప్పగలను. కానీ ఆ "ఫ్రీ" అన్న మాట దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ మాట 2008లో నాకు ఎంత ఖర్చు తెచ్చిపెట్టిందో గుర్తుకొచ్చింది. "సాయంత్రం దాకా ఆగు, వివరంగా రాస్తాను, ఈలోగా ఏదీ దించుకోకు" అని బదులిచ్చాను. అతనికి రాసిన ఉత్తరాన్ని కాస్త పెంచి ఈ వ్యాసం చేశాను. మనలో చాలామందికి ఈ విషయం సగం తెలుసు. ఆ సగంతోనే ప్రమాదం.

నా కథ ముందు

2008లో నేను కూడా గల్ఫ్‌లోనే ఒక కంపెనీలో పని చేస్తుండేవాణ్ణి. మా చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకలేదు. పెళ్ళి ఫోటోలన్నీ ఒక సైటులో పెట్టి లంకె పంపించారు. ఆ సైటు మా దగ్గర తెరుచుకోలేదు, "ఈ పేజీ నిషిద్ధం" అన్న బోర్డు కనిపించింది. రూమ్మేటు ఒకాయన ఒక వెబ్ ప్రాక్సీ చిరునామా చెప్పాడు. మధ్యలో ఒక పెట్టె ఉంటుంది, అందులో సైటు పేరు కొడితే పేజీ తెచ్చి చూపిస్తుంది. ఫోటోలు వచ్చాయి. తలంబ్రాలు చూశాను, అప్పగింతలు చూసి కళ్ళు తుడుచుకున్నాను. అదే ఊపులో, అదే కిటికీలో, అదే పెట్టెలో నా మెయిలు చిరునామా కొట్టి, పాస్‌వర్డు ఇచ్చి, "ఫోటోలు చూశానమ్మా" అని చెల్లెలికి జవాబు రాశాను.

రెండు వారాల తర్వాత నా మెయిలులోకి నేనే వెళ్ళలేకపోయాను. ఈలోపు నా పేరు మీద, నా అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ ఒక ఉత్తరం వెళ్ళింది: నేను లండన్‌లో చిక్కుకుపోయానట, పర్సు పోయిందట, అర్జంటుగా డబ్బు పంపాలట. తెనాలిలో మా పెదనాన్నగారి అబ్బాయి దాన్ని చదివి మా నాన్నకి తెలుగులో చెప్పాడు. నాన్న రిటైరయిన బడిపంతులు. ఫిక్సెడ్ డిపాజిట్ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాడు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి "మాస్టారూ, ముందు ఒకసారి మీ అబ్బాయికి ఫోను చెయ్యండి" అనబట్టి సరిపోయింది. నా పాత రూమ్మేటుకి అలా చెప్పేవాళ్ళు లేరు. పాపం 600 డాలర్లు పంపేశాడు. తర్వాత అవి నేను తిరిగి ఇచ్చాను, తీసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. నేను సిగ్గుపడ్డాను. సాఫ్ట్‌వేరువాణ్ణి కదా!

దొంగ ఎవరో నాకు రుజువుగా తెలియదు. కానీ ఆ నెలలో నా సొంత కంప్యూటరులో తప్ప ఆ పాస్‌వర్డు నేను కొట్టిన చోటు ఆ పెట్టె ఒక్కటే.

ప్రాక్సీ అంటే

ఇంజనీరింగు కాలేజీలో చదివినవాళ్ళకి "ప్రాక్సీ" అన్న మాట నేను కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. మనం మార్నింగ్ షోకి పోయినప్పుడు, మన రోల్ నంబరు పిలవగానే వెనక బెంచీలోంచి గొంతు మార్చి "ఎస్ సార్" అనే పుణ్యాత్ముడే ప్రాక్సీ. ఇంటర్నెట్‌లోనూ అంతే. మన బదులు ఇంకొకరు వెళ్ళి అడుగుతారు, వచ్చింది తెచ్చి మనకిస్తారు.

అయితే పనితీరు అర్థం కావాలంటే ఇంకో పోలిక కావాలి. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన సిగరెట్లు కాలుస్తాడని ఎవరికీ తెలియకూడదు. కిళ్ళీ కొట్టుకి తాను వెళ్ళడు, పక్కింటి కుర్రాడి చేతికి చీటీ, డబ్బు ఇచ్చి పంపేవాడు. కొట్టువాడికి కుర్రాడే కనిపిస్తాడు, పెద్దమనిషి కనిపించడు. వీధి మొదట్లో అరుగు మీద కూర్చుని, ఎవరు ఎటు పోతున్నారో చూస్తుండే తాతగారికి కూడా, పెద్దమనిషి పక్కింటికి వెళ్ళినట్టే తెలుస్తుంది. కానీ కుర్రాడికి అంతా తెలుసు. ఎవరు పంపారు, ఏ బ్రాండు, రోజుకి ఎన్ని, అన్నీ.

ఇక్కడ కొట్టు అంటే వెబ్ సైటు. అరుగు మీది తాతగారు మన ఇంటర్నెట్ కంపెనీ, లేదా ఆఫీసు నెట్‌వర్కు. కుర్రాడు ప్రాక్సీ సర్వరు. ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పబోయేది ఒక్కటే: ప్రాక్సీ గుట్టుని మాయం చెయ్యదు, గుట్టు ఎవరి చేతిలో ఉండాలో అది మారుస్తుంది. తాతగారి నుంచి తీసి కుర్రాడి చేతిలో పెడుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఏ ప్రాక్సీ మంచిది?" కాదు, "ఆ కుర్రాడు ఎవరు?" అన్నది.

తమాషా ఏమిటంటే, సైట్లని ఆపేవాళ్ళు వాడేదీ ప్రాక్సీనే. సౌదీ అరేబియాలో 1999లో జనానికి ఇంటర్నెట్ వచ్చినప్పుడు, దేశం మొత్తం వెబ్ రాకపోకలు రియాద్‌లోని కింగ్ అబ్దుల్ అజీజ్ సైన్సు, టెక్నాలజీ సంస్థలో పెట్టిన ప్రాక్సీ సర్వర్ల గుండా వెళ్ళేవి. నిషేధపు జాబితాలో ఉన్న పేజీ అడిగితే అక్కడే ఆగిపోయేది. అంటే అదే కుర్రాడు, కాకపోతే జీతం ఇచ్చేది వేరేవాళ్ళు.

అడ్డుకట్ట ఎలా వేస్తారు?

దాటడం తెలియాలంటే గోడ ఎలా కట్టారో తెలియాలి. ముఖ్యంగా నాలుగు పద్ధతులు.

మొదటిది డి.ఎన్.ఎస్. సైటు పేరు అడిగితే ఐ.పి. నంబరు చెప్పే డైరెక్టరీ అది. అక్కడ తప్పు నంబరు చెప్పిస్తారు, లేదా "అలాంటి పేరే లేదు" అనిపిస్తారు. చవకైన గోడ. వేరే డి.ఎన్.ఎస్. సర్వరు పెట్టుకుంటే చాలాసార్లు కూలిపోతుంది.

రెండోది ఐ.పి. అడ్రసుని ఆపడం. ఒకే అడ్రసు మీద వేల సైట్లు ఉండొచ్చు కనక దోషితోపాటు వీధి మొత్తానికీ శిక్ష పడుతుంది. మూడోది సైటు పేరు చూసి ఆపడం. హెచ్.టి.టి.పి.ఎస్. అయినా సరే, సంభాషణ మొదలయ్యేటప్పుడు ఏ సైటు కావాలో మామూలుగా పైకి కనిపించేలానే వెళ్తుంది. కవరు అతికించి ఉన్నా దాని మీద అడ్రసు చదవొచ్చు కదా. నాలుగోది ప్యాకెట్ల తీరు చూసి, ఇది ఫలానా రకం కాల్ అని గుర్తుపట్టి ఆపడం. కాల్స్ ఆపే దేశాల్లో రాతలు వెళ్ళి మాటలు ఆగిపోయేది ఇలాంటి పద్ధతుల వల్లే.

ఈ గోడలు ఎంత మొరటుగా ఉంటాయో మనవాళ్ళకి అనుభవమే. 2003 సెప్టెంబరులో భారత ప్రభుత్వం కిన్హున్ అనే ఒకే ఒక్క యాహూ గ్రూపుని ఆపమంది. ఒక్క గ్రూపునే విడిగా ఆపడం చేతకాక, మన ఇంటర్నెట్ కంపెనీలు యాహూ గ్రూపులన్నిటినీ ఆపేశాయి. 2006 జూలైలో ముంబై రైలు పేలుళ్ళ తర్వాత కొద్ది రోజులకే, కొన్ని పేజీలని ఆపమని ఆదేశం వస్తే బ్లాగ్‌స్పాట్ మొత్తం మూతపడింది. అప్పుడప్పుడే మొగ్గ తొడుగుతున్న తెలుగు బ్లాగుల్లో చాలా వాటి చిరునామా అదే. అప్పుడు ఇండియాలో చాలామంది ఆ బ్లాగులు చదివింది పీకేబ్లాగ్స్ అనే ప్రాక్సీ సైటు ద్వారా. ఆ ఏడాది మొదట్లో పాకిస్తాన్‌లో బ్లాగ్‌స్పాట్ ఆగిపోయినప్పుడు అక్కడివాళ్ళ కోసం పుట్టిన సైటు అది. సరిహద్దుకి ఇవతలివాళ్ళకి అవతలివాళ్ళ నిచ్చెన పనికొచ్చింది!

ఇంకా మొరటు కథ 2008 ఫిబ్రవరి 24న జరిగింది. యూట్యూబుని తమ దేశంలో ఆపబోయి పాకిస్తాన్ టెలికాం తప్పుడు రూటు ప్రకటిస్తే, అది బయటికి పాకి, దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబు అందలేదు.

ప్రాక్సీ దాటించే తీరు ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. మన కంప్యూటరు నిషిద్ధ సైటుతో మాట్లాడదు, ఇంకో దేశంలో ఉన్న సర్వరుతో మాట్లాడుతుంది. ఆ సర్వరు జాబితాలో లేనంతకాలం గోడ తలుపు తీస్తుంది. అందుకే ప్రాక్సీ చిరునామాలు కొన్నాళ్ళు పనిచేసి చచ్చిపోతుంటాయి. జాబితా కాసేవాళ్ళు వాటినీ వెతికి చేర్చుతుంటారు.

ఎవరికి ఏం కనిపిస్తుంది?

కుర్రాళ్ళలో రకాలున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

వెబ్ ప్రాక్సీ: నేను మోసపోయింది ఇక్కడే. పెట్టెలో సైటు పేరు కొడితే, ఆ సైటుతో హెచ్.టి.టి.పి.ఎస్. సంభాషణ జరిపేది మన బ్రౌజరు కాదు, ఆ ప్రాక్సీ. అక్కడ కవరు చించి, చదివి, పేజీని తిరగరాసి మనకి పంపుతుంది. మన బ్రౌజరులో తాళం బొమ్మ కనిపించినా, అది మనకీ ప్రాక్సీకీ మధ్య తాళం మాత్రమే. పాస్‌వర్డు, ఉత్తరం, కుకీ అన్నీ ప్రాక్సీ ముందు విప్పిన చీటీలే. ఇందులో లాగిన్ అవడమంటే కుర్రాడికి బీరువా తాళంచెవి ఇచ్చి "చూసుకో నాయనా" అనడం.

బ్రౌజరు సెట్టింగుల్లో పెట్టే హెచ్.టి.టి.పి. ప్రాక్సీ: ఇది వేరు. హెచ్.టి.టి.పి.ఎస్. సైటుకి వెళ్ళేటప్పుడు బ్రౌజరు "కనెక్ట్" అనే ఆజ్ఞతో ప్రాక్సీని ఒక గొట్టం వెయ్యమంటుంది. కవరు మన దగ్గరే అతికించబడి, సైటు దగ్గరే తెరవబడుతుంది. ప్రాక్సీకి ఏ సైటు, ఎప్పుడు, ఎంత డేటా అన్నవి తెలుస్తాయి. పేజీ, పాస్‌వర్డు తెలియవు. అయితే మనం ప్రాక్సీని అడిగే ఆ మాట మామూలు రాతలోనే వెళ్తే, అరుగు మీది తాతగారు కూడా సైటు పేరు చదివేస్తారు. ఇక పాత హెచ్.టి.టి.పి. సైటు అయితే అందరికీ అన్నీ కనిపిస్తాయి. పైగా కొన్ని ప్రాక్సీలు "ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్" అనే హెడరులో మన అసలు ఐ.పి. అడ్రసుని రాసి మరీ పంపుతాయి. అంటే కుర్రాడు కొట్టుకి వెళ్ళి "ఫలానా వారు పంపారండీ" అని చెప్పడం.

సాక్స్ ప్రాక్సీ: వెబ్ ఒక్కటే కాకుండా ఏ ప్రోగ్రాము డేటానయినా మోస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా చేసేది, ఎక్కడో అద్దెకి తీసుకున్న సర్వరుకి ఎస్.ఎస్.హెచ్. ద్వారా సొరంగం తవ్వి, దాన్ని సాక్స్ ప్రాక్సీగా వాడుకోవడం. దారి అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఒక జాగ్రత్త: బ్రౌజరు పేజీలని సొరంగంలోంచి తెస్తూ, డి.ఎన్.ఎస్. ప్రశ్నలు మాత్రం పాత దారిలోనే అడుగుతుంటే, మనం ఎక్కడికి వెళ్తున్నామో తాతగారికి తెలిసిపోతూనే ఉంటుంది. సాక్స్ ఐదో వెర్షను వాడి, డి.ఎన్.ఎస్. కూడా ప్రాక్సీ ద్వారానే వెళ్ళేలా ఫైర్‌ఫాక్సులో టిక్కు పెట్టుకోవాలి.

వి.పి.ఎన్.: ఒక ప్రోగ్రాముకి కాకుండా మొత్తం కంప్యూటరుకి సొరంగం. తాతగారికి సొరంగం ఉందని తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. కానీ సొరంగం అవతలి చివర ఉన్న కంపెనీకి, ఇంతకుముందు తాతగారికి తెలిసినవన్నీ తెలుస్తాయి.

టోర్: అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల్లో పుట్టిన ఆలోచన ఇది. ఒక కుర్రాడికి బదులు ముగ్గురు. మొదటివాడికి పంపింది ఎవరో తెలుసు, కొట్టు తెలియదు. రెండోవాడికి రెండూ తెలియవు. మూడోవాడికి కొట్టు తెలుసు, పంపింది ఎవరో తెలియదు. గుట్టుని ముగ్గురికి పంచి ఎవరికీ పూర్తిగా దక్కకుండా చెయ్యడం ఇందులో కిటుకు. నెమ్మదిగా ఉంటుంది, వీడియో కాల్‌కి పనికిరాదు.

అయినా మూడోవాడు విప్పిన చీటీని చదవగలడు. 2007లో డాన్ ఎగెర్‌స్టాడ్ అనే స్వీడన్ కుర్రాడు టోర్‌లో మూడో స్థానంలో ఉండే సర్వర్లు కొన్ని నడిపి, వాటిగుండా పోయేవి గమనించి, దాదాపు 100 మెయిలు ఖాతాల పాస్‌వర్డులు బయటపెట్టాడు. అవి రాయబార కార్యాలయాలవి, ప్రభుత్వ ఆఫీసులవి. మన దేశపు రాయబార కార్యాలయాలవి కూడా వాటిలో ఉన్నాయి. టోర్‌ని వాడితే చాలు అంతా రహస్యమే అనుకుని, మెయిలుని ఎన్‌క్రిప్షన్ లేకుండా తెరవడం వల్ల వచ్చిన తంటా అది.

కుర్రాడి జేబులో చిట్టా

"మేము లాగులు ఉంచము" అని ప్రతి ప్రాక్సీ సైటూ రాసుకుంటుంది. 2008 సెప్టెంబరులో ఏం జరిగిందో చూడండి. అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిలులోకి టెనెసీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు చొరబడ్డాడు. సీటనెల్ అనే వెబ్ ప్రాక్సీ వాడాడు. గొప్పకి పోయి తెర ఫోటోలు బయటపెడితే, వాటిలో ఆ ప్రాక్సీ చిరునామా కనిపించింది. ప్రాక్సీ యజమాని తన లాగులు ఎఫ్.బి.ఐ.కి ఇచ్చాడు. విద్యార్థికి 2010లో శిక్ష పడింది. 2011లో సోనీ పిక్చర్స్ సైటు మీద దాడి చేసిన లల్జ్‌సెక్ ముఠాలో ఒకడు కూడా, తన పేరులోనే "దాచిపెడతాం" అని చాటుకునే వి.పి.ఎన్. కంపెనీని నమ్ముకుని, ఆ కంపెనీ కోర్టు ఆజ్ఞ ప్రకారం ఇచ్చిన లాగుల వల్లే దొరికాడు.

వాళ్ళు నేరస్థులు, దొరికితే మంచిదే. కానీ నీతి ఏమిటంటే, చిట్టా ఉంది. కోర్టుకి ఇచ్చేవాడి దగ్గర ఉన్నది దొంగకీ చిక్కవచ్చు, అమ్మకానికీ పోవచ్చు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, జనానికి వి.పి.ఎన్. అమ్మే కంపెనీలు వాడుకరుల పేరు, అడ్రసు, వాళ్ళకిచ్చిన ఐ.పి. వంటివి 5 ఏళ్ళు దాచాలి. ఇది నచ్చక కొన్ని పేరున్న కంపెనీలు ఇండియాలోని తమ సర్వర్లు ఎత్తేశాయి. ఆఫీసు పనికి కంపెనీలు సొంత ఉద్యోగులకిచ్చే వి.పి.ఎన్.కి ఈ నియమం వర్తించదు.

ఉచితం ఖరీదు

సర్వరుకి అద్దె ఉంది, బ్యాండ్‌విడ్త్‌కి బిల్లు ఉంది. మనం ఇవ్వకపోతే ఇంకెవరో ఇస్తున్నారు. 2015లో హోలా అనే ఉచిత సేవ గురించి బయటపడింది ఇదే. ఉచితంగా వాడుకుంటున్నవాళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్నే ఆ కంపెనీ ఇతరులకి డబ్బుకి అమ్ముతోంది. అంటే మనం పంపిన కుర్రాడు మన ఇంటి చొక్కా వేసుకుని ఇంకొకరి పని మీద తిరుగుతున్నాడు. వాడు ఏదైనా చేస్తే పోలీసులు వచ్చేది మన ఇంటికి. ఒనావో అనే మరో ఉచిత వి.పి.ఎన్. యాప్ ఫేస్‌బుక్‌ది. రక్షణ అని చెప్పి, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ కంపెనీకి చేరవేసింది. 2018లో ఆపిల్ దుకాణంలోంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది.

ప్రాక్సీ దాచలేనివి

ఐ.పి. అడ్రసు ఒక్కటే మన ఆనవాలు కాదు. ప్రాక్సీ పెట్టుకుని మన ఖాతాలోకి లాగిన్ అయితే, మనం ఎవరో మనమే చెప్పినట్టు. పాత కుకీ ఉన్నా అంతే. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఒక ప్రయోగం చేసింది. ఫాంట్లు, ప్లగిన్లు, తెర కొలతలు, టైము జోను లాంటివి కలిపి చూస్తే, పరీక్షకి వచ్చిన సుమారు 4 లక్షల 70 వేల బ్రౌజర్లలో 83.6 శాతం మిగతా వాటికి భిన్నంగా, విడిగా గుర్తుపట్టేలా ఉన్నాయి. కొట్టువాడికి మొహం కనపడకపోయినా దగ్గు విని పోల్చుకున్నట్టు. అలాగే బ్రౌజర్లలో వీడియో కాల్స్ కోసం ఉన్న వెబ్ ఆర్.టి.సి. అన్న సౌకర్యం కొన్నిసార్లు ప్రాక్సీని దాటి అసలు ఐ.పి.ని బయటపెడుతుందని 2015లో అందరి దృష్టికీ వచ్చింది.

ఆఫీసు లాప్‌టాపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా కంపెనీలు తమ రూటు సర్టిఫికెట్టుని ఉద్యోగుల లాప్‌టాపుల్లో ముందే వేసి ఉంచుతాయి. దాంతో ఆఫీసు ప్రాక్సీ ప్రతి కవరునీ విప్పి, చూసి, మళ్ళీ అతికించి పంపగలదు. తాళం బొమ్మ యథాతథంగా కనిపిస్తుంది. దాని మీద నొక్కి సర్టిఫికెట్టు ఎవరు ఇచ్చారో చూడండి. మీ కంపెనీ పేరు ఉంటే, ఆ లాప్‌టాపులో బ్యాంకు ఖాతా, గ్రీన్‌కార్డు లాయరుతో ఉత్తరాలు, కొత్త ఉద్యోగం వెతుకులాట తెరవకండి. పక్కనే సొంత ఫోను ఉంది కదా.

చట్టం మాట

ఇప్పుడు మా బావమరిది దగ్గరికి వద్దాం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వి.పి.ఎన్. అన్న వస్తువే నిషిద్ధం కాదు. కంపెనీలు, బ్యాంకులు తమ అంతర్గత పనులకి వాడుకోవచ్చని అక్కడి నియంత్రణ సంస్థ 2016లోనే చెప్పింది. కానీ 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టంలో 10వ అధికరణం ఉంది. నేరం చేసే ఉద్దేశంతోగాని, నేరం బయటపడకుండా ఉండటానికిగాని ఐ.పి. అడ్రసుని మార్చి చూపితే జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హముల జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని ఇంటర్నెట్ కాల్స్ అక్కడ నిబంధనలకి విరుద్ధం. పాపని చూడటం నేరమా అని మనకి అనిపించవచ్చు. వాదించడానికి బాగానే ఉంటుంది, కాని ఆ వాదన వినాల్సింది మనం కాదు. మూడు వారాల కిందట వీసా స్టాంపు వేయించుకున్నవాడు, జీతం మీద ఇల్లు నడిచేవాడు, ఆ చట్టం ఎంతవరకు సాగుతుందో తన మీద ప్రయోగించి చూడకూడదు.

దేశదేశానికీ రూల్సు వేరు, అవి మారుతుంటాయి కూడా. సౌదీలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తేశారు. అంతకుముందు రోజు వరకు దొంగచాటుగా మాట్లాడినవాళ్ళు మర్నాడు బాహాటంగా మాట్లాడారు. కాబట్టి ప్రాక్సీ వెతికేముందు అక్కడి నియంత్రణ సంస్థ అనుమతించిన యాప్‌ల జాబితా వెతకడం తెలివైన పని.

సాయంత్రం రాసిన జవాబు

అతనికి చివరగా రాసినవి ఇవి. అనుమతి ఉన్న కాలింగ్ యాప్ ఒకటి తీసుకో, నెలకి కొద్దిగా డబ్బు అవుతుంది, ఫ్రీ కాదు, ఆ డబ్బుకి నిద్ర పడుతుంది. అదే యాప్ రాజమండ్రిలో చెల్లెమ్మ ఫోనులో కూడా వేయించు. పెట్టెలో సైటు పేరు కొట్టే ప్రాక్సీలో ఎప్పుడూ, ఎక్కడా, ఏ పాస్‌వర్డూ కొట్టకు. మెయిలుకి, బ్యాంకుకి రెండో తాళం పెట్టుకో, పాస్‌వర్డు పోయినా ఓ.టి.పి. అడుగుతుంది. చట్టం ఒప్పుకునే దేశానికి మారినప్పుడు, హోటలు వైఫైలో రక్షణ కోసం సొరంగం కావాలంటే, డబ్బు తీసుకునే, ఎవరిదో స్పష్టంగా తెలిసే కంపెనీదే తీసుకో. లేదా ఇక్కడ మా ఇంట్లో సర్వరు పెట్టి నీకో ఖాతా ఇస్తాను, అప్పుడు ఆ కుర్రాణ్ణి నేనే. నా మీద నమ్మకం ఉంటేనే సుమా.

మర్నాడు పొద్దున్న అతని దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. ఫోను తెర మీద పాప మొహం, మంచం కోడు పట్టుకుని నిలబడబోతోంది. కింద ఒక్క వాక్యం రాశాడు: "యాప్ పనిచేసింది బావా. నీ సర్వరు మాత్రం వద్దు, అక్కకి అన్నీ తెలిసిపోతాయి."

పాఠం బాగానే ఒంటబట్టింది.